ఫిష్‌ఫైండర్‌కి వంజరం ఎందుకు దొరకదు?

ప్రశ్న: మా మావయ్య బోటుకి ఫిష్‌ఫైండర్ పెట్టించారు. తెరమీద ఎర్రగా విల్లుల్లా వస్తే అవే చేపలంటారు. కెమెరా లేకుండా దానికెలా తెలుస్తుందండీ? లోతు కూడా చెప్పేస్తోంది. కానీ తెర ఖాళీగా ఉన్నచోట కూడా ఒక్కోసారి వంజరం పడుతోంది, అదేంటి?
– ఓ పాఠకుడు, భీమిలి

జవాబు: చూడ్డం ఏం లేదండీ, మొత్తం వినికిడి వ్యవహారమే. బోటు అడుగున ట్రాన్స్‌డ్యూసర్ ఉంటుంది, అందులో పింగాణీ రకం ముక్కకి కరెంటిస్తే అది అదిరి శబ్దాన్ని కిందకి పంపుతుంది, ప్రతిధ్వని తిరిగొచ్చి తగిలితే మళ్ళీ అదే ముక్క కరెంటు పుట్టిస్తుంది. ఎక్కువగా 50 లేదా 200 కిలోహెర్ట్జ్ వాడతారు, మన చెవికి 20 దాటితే వినపడదు కాబట్టి మావయ్యకి ఏ చప్పుడూ తెలీదు. ఉప్పునీళ్ళలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది, అంటే 0.04 సెకన్లలో తిరిగొస్తే రానూపోనూ 60 మీటర్లు, లోతు 30 అన్నమాట. అంతే లెక్క.

చేప సంగతికొస్తే, ఒళ్ళు దాదాపు నీళ్ళలాంటిదే కాబట్టి శబ్దం చాలావరకు దూరి పోతుంది. గట్టిగా వెనక్కి కొట్టేది కడుపులో ఉండే గాలితిత్తి. వంజరానికి, సొరకి ఆ తిత్తే ఉండదు! అందుకే మచ్చ పల్చగా వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా. పైగా వంజరం పైనీళ్ళలో తిరుగుతుంది, శబ్దం గరాటులా కిందకి వెళ్ళేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి పైన అది పట్టే చోటు చాలా తక్కువ.

విల్లు ఆకారం చేపది కాదు. చేప గరాటు అంచులో ఉన్నప్పుడు దూరం ఎక్కువ, మధ్యకొస్తే తక్కువ, దాటిపోతే మళ్ళీ ఎక్కువ, అలా వంగుతుంది. తెర కుడిచివర ఇప్పటిది, ఎడంవైపుదంతా అయిపోయిందే. బోటు ఆగి ఉంటే ఒక్క చేపే పొడుగ్గా గీతలా వచ్చేస్తుంది, అది చూసి పెద్ద చేపని సంబరపడిపోతారు చాలామంది. చేప బొమ్మలు చూపించే మోడ్ ఉంటే ఆపెయ్యమనండి, అది మెషీన్ ఊహే, బుడగలకి కూడా చేప బొమ్మ పెట్టేస్తుంది.

ఈ యంత్రాన్ని 1948లో జపాన్ నాగసాకిలో ఫురునో సోదరులు లోతు కొలిచే సాధనం నుంచే తయారుచేసి అమ్మకానికి తెచ్చారు.

వంజరం కోసమైతే గెయిన్ (తిరిగొచ్చిన ప్రతిధ్వనిని ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్) కొంచెం పెంచి చూడమనండి, కాకపోతే చెత్త కూడా దాంతోపాటే తెరమీదకొస్తుంది.