కూల్చే ముందు ఒకసారి చూడు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. యుద్ధంలో దెబ్బతిన్న నగరాన్ని మళ్లీ కట్టే పనిలో చేరుతున్నానని రాశావు. సంతోషమేసింది, కాస్త టెన్షన్ కూడా పట్టుకుంది. నలభై ఏళ్లు సైట్లమీద తిరిగినవాణ్ణి కదా, నాకు తెలిసింది చెబుతాను.

బాంబులు తీసేవాళ్లు సరేననేదాకా శిథిలాల మీద కాలు పెట్టకు. జర్మనీలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పేలని బాంబులు ఇప్పటికీ పునాదుల తవ్వకాల్లో బయటపడుతున్నాయి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడపకుండా, సరైన మాస్కు లేకుండా ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఆ దుమ్ము చేసిన చెరుపు ఏళ్లు గడిచాక గానీ బయటపడదు.

ఇక నిలబడి ఉన్న భవనాలు. నల్లగా కాలిపోయి కనిపిస్తే చాలు, కూల్చేద్దామంటారు. వెంటనే తలూపకు. మసి పైపైదే కావచ్చు. పిల్లర్‌ని సుత్తితో మెల్లగా తట్టి విను. ఖంగున మోగితే లోపల గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికితే పొర విడిపోయినట్టు. అక్కడ పెచ్చు తీసి రంగు చూడు. 300 డిగ్రీలు దాటిన వేడి తగిలితే చాలా రకాల కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది. కంకరలోని ఇనుము చేసే పని అది. బలం తగ్గడం కూడా దాదాపు అక్కడే మొదలవుతుంది. ఆ రంగు ఎంత లోతుకు దిగిందో కొలువు. కడ్డీల దాకా పోకపోతే, చెడిన పొర చెక్కేసి కొత్త కాంక్రీటు పట్టించి పిల్లర్‌ని బతికించుకునే అవకాశం ఉంది. అన్ని కంకరలూ రంగు మారవు కాబట్టి, కోర్, అంటే డ్రిల్లుతో తొలిచి తీసిన కాంక్రీటు ముక్కను, ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. బీమూ పిల్లరూ కలిసేచోట ఏటవాలు పగుళ్లు కనిపిస్తే మాత్రం ముందు మనుషుల్ని బయటికి పంపు. లెక్కలు తర్వాత.

కూలిన దాన్నీ పారేయకు. పోలండ్ రాజధాని వార్సాలోని మురనోవ్ పేటను, యుద్ధకాలంలో నాజీలు యూదులను బంధించి ఉంచిన ఘెట్టో శిథిలాల మీదే, ఆ శిథిలాలతో చేసిన దిమ్మెలతోనే కట్టారు. కొత్తగా కట్టేటప్పుడు కొలతలు ఒకే తీరుగా పెట్టుకో. ఫ్రాన్స్‌లోని లె ఆవ్ర్ నగరాన్ని మళ్లీ కట్టినప్పుడు ఆర్కిటెక్ట్ ఒగ్యుస్త్ పెరె పిల్లర్ల మధ్య దూరం 6.24 మీటర్లుగా పెట్టుకున్నాడు. కొలత ఒకటే కావడంతో, విడిభాగాలను అచ్చుల్లో పోసి తెచ్చి బిగించడం తేలికైంది.

పాత కాంక్రీటు కంకరతో నేనొకసారి దెబ్బతిన్నాను. కొత్త కంకరలాగే పొడిగా మిక్సర్‌లో వేయించాను. ఆ కంకరకు పాత సిమెంటు అంటుకుని ఉంటుంది, నీళ్లు తెగ పీలుస్తుంది. స్లాబు మీదికి చేరేసరికి మాలు బిగుసుకుపోయింది, కూలీలు నీళ్లు కుమ్మరించారు, ఆ స్లాబు పగిలింది. ఆ తప్పు నాదే. నువ్వు ముందురోజే కంకర తడిపించు. జిప్సం ప్లాస్టర్ ముక్కలు ఒక్కటీ లేకుండా ఏరించు, లేకపోతే అవి కాంక్రీటును లోపలినుంచి ఉబ్బించి చీలుస్తాయి. పిల్లర్లకు మాత్రం కొత్త కంకరే వాడు. పాతది దారులకూ పునాది కింద బెడ్డుకూ గోడల దిమ్మెలకూ సరిపోతుంది.

తాత్కాలికమని చెప్పి కట్టే ఇళ్లను నాసిగా కట్టనివ్వకు. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పదేళ్ల కోసమని 1,56,000కు పైగా రెడీమేడ్ ఇళ్లు నిలబెట్టారు. వాటిలో కొన్నింటిలో జనం దశాబ్దాలు గడిపారు. గాలి ఆడేలా కిటికీకి ఎదురుగా కిటికీ ఉందా, వాన నీళ్లు ఎటు పోతాయి, ముసలివాళ్లు గడప దాటగలరా అని నువ్వే వెళ్లి చూడు.

హద్దుల సంగతి మరిచిపోకు. 1945లో ఒక్క సర్కారు ఉత్తర్వుతో వార్సా భూమినంతా నగరపాలక సంస్థ కిందికి తెచ్చారు. పని వేగంగా సాగింది గానీ వారసుల తగాదాలు దశాబ్దాలు నడిచాయి. శిథిలాలు ఎత్తకముందే ప్రతి గుమ్మం దగ్గరా ఫోటో తీయించు, ఆ ఇంటివాళ్లను పిలిపించి ఎక్కడిదాకా తమదో చెప్పించుకో. ఇల్లు పోయినవాళ్లతో మాట్లాడేటప్పుడు తొందరపడకు తల్లీ. జర్మనీలోని డ్రెస్డెన్‌లో, యుద్ధంలో కూలిన ఫ్రావెన్‌కిర్ష చర్చిని 2005లో మళ్లీ తెరిచినప్పుడు, శిథిలాల్లో ఏరిన నల్లరాళ్లు కొత్త రాళ్ల మధ్య అలాగే కనిపించేలా పేర్చారు. నీ దగ్గరా ఎవరైనా వచ్చి మా గుమ్మం రాయి ఉంచమ్మా అని అడిగితే, డ్రాయింగు మార్చైనా సరే దానికి చోటు చూపించు.

మొదటి కోర్ రిపోర్ట్ రాగానే ఫోటో పంపు. ఫోన్లో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న