వెజ్ మోమోలు అడిగితే చికెన్‌వి పెట్టారు, పైగా సర్వీస్ ఛార్జ్: డబ్బు కట్టేశాక అడగొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. కార్తీక మాసంలో విజయనగరంలోని మా అక్కయ్య ఇంటికి వెళ్లాం. వాళ్ల వీధి చివర ఇండియన్, నేపాలీ వంటల రెస్టారెంట్ ఒకటి కొత్తగా పెట్టారు. పిల్లలు మోమోలు కావాలని పట్టుబడితే అత్తగారితో సహా ఆరుగురం వెళ్లాం. మా అత్తగారు జీవితంలో మాంసం ముట్టలేదు. వెజ్ మోమోలని రెండుసార్లు చెప్పి మరీ ఆర్డర్ ఇచ్చాం. ఆవిడ రెండు తిన్నాక మూడోది విరిస్తే లోపల చికెన్ కనబడింది. ఆవిడ అక్కడే ఏడ్చేశారు, ఆ రాత్రి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మేనేజర్ ‘చిన్న పొరపాటు’ అని ఆ ప్లేటు డబ్బులు 180 రూపాయలు తీసేశాడు. మిగిలిన బిల్లు 2,140. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జ్ 214, మొత్తం మీద జీఎస్టీ 117.70, వెరసి 2,472 రూపాయలు. సర్వీస్ ఛార్జ్ ఎందుకని అడిగితే మెనూ కార్డు కింద రాసి ఉందన్నాడు. 20 రూపాయల నీళ్ల బాటిల్‌కి 40 వేశారు. మా ఆయన గొడవెందుకని ఫోన్‌పే చేసేశారు. కట్టేశాం కాబట్టి ఇంక అడిగే హక్కు లేదా? రెండొందల కోసం కోర్టుకి వెళ్తే నవ్వరా? మా మరిది మాత్రం వడ్డించిన నేపాలీ కుర్రాడి మీద పోలీసు కంప్లైంట్ ఇద్దామంటున్నాడు. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు, తలుచుకుంటే జాలేస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంతో పాటు పంపిన బిల్లు ఫొటో కూడా చూశాను. డబ్బుల లెక్క తర్వాత చెబుతాను. ముందు మీ అత్తగారి సంగతి.

కార్తీకంలో ఒక పెద్దావిడ చేత మాంసం తినిపించి దాన్ని చిన్న పొరపాటు అనడం అన్యాయం. ఆ మేనేజర్‌కి అది 180 రూపాయల ప్లేటు కావచ్చు, ఆవిడకి మాత్రం జీవితమంతా పాటించిన నియమం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దీన్ని సేవాలోపం అంటుంది. అడిగింది ఒకటైతే పెట్టింది ఇంకొకటి, అదీ రెండుసార్లు చెప్పాక. ఇందులో కుట్ర ఉందని మీరు నిరూపించక్కర్లేదు. పొరపాటున జరిగినా సేవాలోపమే.

మోమోల విషయంలో రెస్టారెంట్ వాళ్ల బాధ్యత ఇంకా ఎక్కువ. ఇడ్లీ, చేపల వేపుడు పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలుస్తుంది. మోమో అలా కాదు. పైన మైదా పొర ఒకటే, లోపల క్యాబేజీ ఉందో చికెన్ ఉందో విరిస్తే గానీ తెలీదు. నేపాల్‌లో గేదె మాంసంతో చేసేవీ మామూలే. అందుకే చాలా వంటిళ్లలో వెజ్‌వి ఒక ఆకారంలో, నాన్‌వెజ్‌వి ఇంకో ఆకారంలో మడుస్తారు. ఒకటి గుండ్రంగా ఉంటే రెండోది అర్ధచంద్రంలా ఉంటుంది. ఆహార భద్రతా లైసెన్సు నిబంధనల్లోనూ శాకాహారాన్ని, మాంసాహారాన్ని విడివిడిగా ఉంచాలని ఉంది. ఈ జాగ్రత్తలు తీసుకున్నారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది యజమాని.

ప్లేటు డబ్బులు తీసేశారు కాబట్టి లెక్క తీరిపోయిందని వాళ్లు వాదిస్తారు, చూడండి. తినమని అడగనిదానికి డబ్బు తీసుకోకపోవడం పరిహారం కాదు. ‘ఇంతటితో నాకు అభ్యంతరం లేదు’ అని మీరు రాసివ్వలేదు కదా. ఇంకో మాట కూడా అంటారు: బిల్లు కట్టింది కొడుకు, బాధపడింది తల్లి, ఆవిడ మా కస్టమర్ కాదు అని. దానికి చట్టంలోనే జవాబుంది. డబ్బు కట్టినవాళ్లే కాదు, వాళ్ల అంగీకారంతో ఆ సేవ పొందినవాళ్లూ వినియోగదారులే. అందుకని ఫిర్యాదులో మీ ఆయన పేరూ, మీ అత్తగారి పేరూ రెండూ పెట్టండి.

ఇప్పుడు సర్వీస్ ఛార్జ్. దీని గురించి నాకు వారానికి ఒకరైనా ఫోన్ చేస్తుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సర్వీస్ ఛార్జ్ ప్రభుత్వ పన్ను కాదు. రెస్టారెంట్ తనకు తాను వేసుకునే మొత్తం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో సర్వీస్ ఛార్జ్‌ను దానంతట అదే కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు, ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టమని ముందే చెప్పాలి, ఇవ్వనన్నారని లోపలికి రానివ్వకపోవడం కుదరదు, దాన్ని ఆహారం బిల్లులో కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి. ఆ నెలలోనే స్టే వచ్చింది. అందుకే చాలామంది యజమానులు ‘కోర్టు మాకు పర్మిషన్ ఇచ్చింది’ అని ఇప్పటికీ చెబుతుంటారు. ఆ మాట పాతది. 2025 మార్చి 28న అదే హైకోర్టు సంఘాల పిటిషన్లు కొట్టేసి మార్గదర్శకాలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. సంఘాల మీద చెరో లక్ష రూపాయల ఖర్చులు కూడా వేసింది. వాళ్లు దాని మీద అప్పీలుకు వెళ్లారు. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగిపోదు. కేంద్ర సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కాబట్టి ఢిల్లీకే కాదు, విజయనగరానికీ వర్తిస్తాయి.

మెనూ కార్డు కింద చిన్న అక్షరాల్లో రాసుకున్నంత మాత్రాన మీరు ఒప్పుకున్నట్టు కాదు. మీ బిల్లులో తప్పు రెండు వరుసల్లో ఉంది. 2,140 మీద ఐదు శాతం జీఎస్టీ 107 రూపాయలు. సర్వీస్ ఛార్జ్ కలిపి 2,354 మీద వేశారు కాబట్టి 117.70 అయింది. అంటే 214కి తోడు 10.70 పన్ను కూడా ఎక్కువే. మొత్తం 224.70 మీకు తిరిగి రావాలి.

జీఎస్టీ విషయంలో చిన్న చిట్కా, ఎప్పుడైనా పనికొస్తుంది. మామూలు రెస్టారెంట్లలో పన్ను ఐదు శాతం: కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. కానీ కొన్ని చిన్న హోటళ్లు కాంపోజిషన్ పద్ధతిలో ఉంటాయి. వాళ్లు తమ టర్నోవర్ మీద పన్ను తామే కట్టుకోవాలి, కస్టమర్ దగ్గర ఒక్క పైసా కూడా జీఎస్టీ పేరుతో తీసుకోకూడదు. బిల్లు మీది పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు (ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది) జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే వాళ్లు రెగ్యులరో కాంపోజిషనో కనిపిస్తుంది. నంబరే లేకుండా జీఎస్టీ వేస్తే అది ఇంకా పెద్ద తప్పు. అలాగే 2022 జనవరి నుంచి ఆహార భద్రతా లైసెన్సు నంబరు, పద్నాలుగు అంకెలది, బిల్లు మీద ఉండాలి. మీ ఫొటోలో కింది భాగం మడతలో పడింది, ఒకసారి చూసుకోండి.

నీళ్ల బాటిల్ విషయంలో మిమ్మల్ని నిరాశపరచక తప్పదు. రెస్టారెంట్‌లో కూర్చున్నవాళ్లకి అందించే బాటిల్ నీళ్లకి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ అమ్మేది ఒట్టి నీళ్లు కాదు, కూర్చోబెట్టి వడ్డించే సేవ కూడా కలిసి ఉందన్నది దాని తర్కం. నాకు ఆ తర్కం నచ్చకపోయినా తీర్పు తీర్పే. ఆ 20 రూపాయలు ఫిర్యాదులో పెట్టకండి. ఒక బలహీనమైన డిమాండ్ పక్కన ఉంటే బలమైనవి కూడా తేలిపోతాయి. అదే కౌంటర్ దగ్గర బాటిల్ కొనుక్కుని బయటికి వెళ్లిపోయేటప్పుడు ఎక్కువ తీసుకుంటే మాత్రం సంగతి వేరు, అప్పుడు తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయవచ్చు.

మీ మరిది గారి ఆలోచన గురించి. దయచేసి ఆ పని చేయకండి. మత విశ్వాసాలను గాయపరచడం భారతీయ న్యాయ సంహితలో నేరమే, కానీ దానికి కావాలని, దురుద్దేశంతో చేసి ఉండాలి. వంటింటి కిటికీలోంచి వచ్చిన ప్లేటు తెచ్చి పెట్టిన కుర్రాడికి ఆ ఉద్దేశం ఎక్కడిది? లోపల ఏముందో అతనికీ కనబడదు. పనివాడు పనిలో చేసిన తప్పుకి యజమాని బాధ్యుడన్నది పాత న్యాయసూత్రం. మీ కేసులో ఎదుటి పక్షం రెస్టారెంట్ యజమాని ఒక్కడే.

అతను నేపాలీ కాబట్టి పోలీసులు సులువుగా పట్టించుకుంటారనే లెక్క ఏదైనా ఉంటే అది ఇంకా తప్పు. భారత్, నేపాల్ మధ్య 1950 జూలై 31న కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ దేశస్థులు వీసా లేకుండా వచ్చి ఇక్కడ నివసించవచ్చు, పని చేసుకోవచ్చు. పైగా మనం ముఖం చూసి నేపాలీ అనుకునేవాళ్లలో డార్జిలింగ్, సిక్కిం, అస్సాం నుంచి వచ్చినవాళ్లు కూడా ఉంటారు, వాళ్లు మనలాగే ఈ దేశ పౌరులు. నేపాలీ భాష 1992 నుంచి మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో తెలుగు పక్కనే ఉంది. మన పిల్లలూ పొట్టచేత పట్టుకుని చెన్నైకి, హైదరాబాద్‌కి పోతున్నారు. అక్కడ వాళ్ల మీద ఎవరైనా ఇలా కంప్లైంట్ ఇస్తే మనకెలా ఉంటుందో శ్రీకాకుళం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అతని ఉద్యోగం పోతుందేమోనన్న మీ భయం న్యాయమైనదే. అందుకే నోటీసులో ఒక వాక్యం చేర్చండి: ‘వడ్డించిన ఉద్యోగి మీద మాకు ఫిర్యాదు లేదు. ఈ లోపం వంటగది నిర్వహణది.’ నష్టం పేరుతో జీతంలో కోత పెట్టాలన్నా ముందు ఆ పనివాడి మాట వినాలని వేతనాల చట్టం చెబుతోంది. ఎవరైనా వీడియో నెట్‌లో పెడదామంటే అందులో ఆ కుర్రాడి ముఖం రానివ్వకండి. జరిగింది జరిగినట్టు రాసుకోండి, అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు.

ఇక చేయాల్సిన పని. ముందు మీ దగ్గరున్న సాక్ష్యం ఒకచోట పెట్టండి: బిల్లు, ఫోన్‌పే రసీదు, విరిచిన మోమో ఫొటో ఎవరి ఫోన్లో ఉన్నా సరే, ఆర్డర్ ఇచ్చినప్పుడు పక్కనున్న మీ అక్కయ్య పేరు. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకి చెరిగిపోతాయి కాబట్టి బిల్లు ఈ రోజే జిరాక్స్ తీయించండి. తర్వాత 1915 నంబరుకి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. సర్వీస్ ఛార్జ్ వెనక్కి రావడానికి ఇది ఒక్కోసారి సరిపోతుంది. వంటగది సంగతి మాత్రం విజయనగరం జిల్లా ఆహార భద్రతా అధికారికి, మనవాళ్లు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అంటారే ఆయనకి, రాతపూర్వకంగా ఇవ్వండి.

అదే సమయంలో రెస్టారెంట్ యజమానికి స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. తెల్లకాగితం మీద మీరే రాయొచ్చు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం అడిగారు, ఏం పెట్టారు, ఎంత ఎక్కువ తీసుకున్నారు, పదిహేను రోజుల్లో ఏం చేయాలి. 224.70 తిరిగి ఇవ్వమనండి. మీ అత్తగారు పడ్డ క్షోభకు పరిహారం అడగండి, లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పమనండి. పరిహారం లక్షల్లో అడగకండి. ఐదు, పది వేల స్థాయిలో అడిగితే ఆ మాటకి బరువుంటుంది.

జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. దీనికోసం మీరు ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం రానక్కర్లేదు. పాత చట్టంలో ఎదుటివాళ్లు ఉన్నచోటో వివాదం పుట్టినచోటో వేయాల్సి వచ్చేది. 2019 చట్టం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసుకునే హక్కు ఇచ్చింది, అంటే శ్రీకాకుళంలోనే వేయొచ్చు. మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కావాలని కోరవచ్చు. గడువు సంఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు. డబ్బు కట్టేయడం వల్ల ఈ హక్కు ఏమీ పోదు. గొడవ పడలేక కట్టడం వేరు, ఒప్పుకుని కట్టడం వేరు.

రెండొందల కోసమా అని నవ్వుతారని భయపడుతున్నారు. ఇరవై ఏళ్లుగా వినియోగదారుల కేసులు చూస్తున్నాను, కమిషన్ ముందు మొత్తం చిన్నదని నవ్విన సభ్యుణ్ణి నేను చూడలేదు. ఫిర్యాదులో మొదటి పేరా డబ్బు గురించి రాయకండి. మీ అత్తగారి వయసు, ఆవిడ నియమం, ఆ రాత్రి ఆవిడ ఏమీ ముట్టకపోవడం, వీటితో మొదలుపెట్టండి. ఆవిడ చేత అఫిడవిట్ ఇప్పించండి. సంతకం రాకపోతే వేలిముద్ర వేయించి నోటరీ చేయిస్తే చాలు. నోటీసు రాశాక పోస్ట్ చేసే ముందు నాకు ఒకసారి పంపితే చూసిపెడతాను.