కోవిడ్ వచ్చి తగ్గిన హాస్పిటల్ స్టాఫ్‌కి ఒక్క డోసు టీకా సరిపోదా?

కోవిడ్ వార్డుల్లో డ్యూటీ చేస్తూ జబ్బు తెచ్చుకున్న నర్సులకి కూడా రెండు డోసులు ఎందుకని అడిగారు, న్యాయమైన ప్రశ్నే. ఒకసారి వచ్చి తగ్గాక వైరస్‌ని గుర్తుపట్టే మెమరీ కణాలు ఒంట్లో ఉండిపోతాయి, అందుకే వాళ్లలో మొదటి డోసే దాదాపు బూస్టర్‌లా పనిచేస్తుంది. మన గచ్చిబౌలి ఏఐజీ హాస్పిటల్స్ వాళ్లు 2021లో కోవిషీల్డ్ వేయించుకున్న 260 మంది హెల్త్‌కేర్ వర్కర్లని పరీక్షిస్తే, ముందే కోవిడ్ వచ్చినవాళ్లకి ఒక్క డోసుతోనే మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ యాంటీబాడీలు కనిపించాయి. ఫ్రాన్స్ అయితే ఆ ఫిబ్రవరిలోనే అలాంటివాళ్లకి ఒక్కటి చాలంది.

మన దేశంలో మాత్రం 2021లో రెండూ వేయించుకోవాలనే ఉండేది, కోలుకున్నాక 3 నెలలు ఆగమన్నారంతే. నాకైతే అదే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, పైగా టెస్టు చేయించుకోకుండానే జ్వరం వచ్చిపోయి 'నాకూ కోవిడే అయ్యుంటుంది' అనుకున్నవాళ్లు ఎంతోమంది, రోజూ ఐసీయూలో పేషెంట్ల మధ్య తిరిగే మనిషి విషయంలో ఆ అంచనా మీద ఆధారపడలేం. డెల్టా, ఒమిక్రాన్ అనే కొత్త రకాలు వచ్చాక ముందే కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లకి కూడా మళ్లీ సోకింది, 2022 జనవరి 10 నుంచి హెల్త్‌కేర్ వర్కర్లకి ప్రికాషన్ డోసు, అంటే మూడో డోసు, మొదలుపెట్టారు.