బూజు మీద పరిశోధనా, ఆరు నెలల కోర్సా?

"మా అమ్మాయి బెంగళూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది. జబ్బులు తెచ్చే ఫంగస్‌ల ప్రొటీన్ల నిర్మాణం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. డిగ్రీ అవగానే ఆరు నెలల ఏఐ డ్రగ్ డిజైన్ కోర్సు చేసి ఉద్యోగం చూసుకోమంటున్నాను. ఏది మేలు?" – ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్

పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. కానీ ఉత్తరంలో 'ముప్పై ఏళ్లొచ్చేస్తాయి' అని మూడుసార్లు రాశారు. మీ టెన్షన్ ఫంగస్ గురించి కాదండీ.

ముందు ఆ కోర్సు సంగతి. ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ, ఆల్ఫాఫోల్డ్ చేసినవాళ్లకు 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చాక ఇలాంటి ప్రకటనలు నా ఫోన్‌కీ వస్తున్నాయి. ప్రొటీన్ ఆకారాన్ని సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది, నిజమే. మందు అక్కడ నిజంగా అతుక్కుంటుందా, అతుక్కుంటే ఆకారం ఎలా మారుతుంది అన్నది మాత్రం ప్రొటీన్‌ని శుద్ధిచేసి, స్ఫటికం కట్టించి ఎక్స్-రేలతోనో, గడ్డకట్టించి క్రయో-ఈఎం అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టో చూడాల్సిందే. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానన్నారు. ఆరు నెలల సర్టిఫికెట్ చూసి మీ టీమ్‌లోకి ఎవరినైనా తీసుకున్నారా? మరి మీ అమ్మాయికి అదెలా సరిపోతుందనుకున్నారు?

ఆమె ఎంచుకున్నది చిన్న విషయమేం కాదు. బ్యాక్టీరియాతో పోలిస్తే ఫంగస్ కణం మన కణానికి దగ్గరి చుట్టం. ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు దెబ్బకొట్టే ఎంజైమ్ లాంటిదే మనలోనూ ఉంది. ఫంగస్‌లో అది కణం పొరకు కావాల్సిన ఎర్గోస్టెరాల్ తయారీకి, మనలో కొలెస్టరాల్ తయారీకి. ఆ రెండు ఎంజైమ్‌ల మధ్య ఉన్న కాస్త తేడాను పట్టుకుంటేనే మందు. కాండిడా ఆరిస్ అనే ఫంగస్ ఆ ఎంజైమ్‌లో ఒక్క అమినో ఆమ్లం మార్చుకున్నా ఫ్లుకోనజోల్ పట్టు సడలుతుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన 19 ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో అది పై వరుసలో ఉంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు దాని మందు యాంఫోటెరిసిన్ కోసం జనం పడ్డ పాట్లు మీరూ చూసే ఉంటారు.

డబ్బు సంగతి. పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరు. సాఫ్ట్‌వేర్ జీతం కాదు, మీ మీద భారమూ కాదు. ప్రొటీన్ల నిర్మాణం మీద పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్ గారు మొదలుపెట్టిన ఐఐఎస్‌సీ మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్, జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం ఎన్‌సీబీఎస్ రెండూ మీ ఊళ్లోనే ఉన్నాయి. ఐదారేళ్లు పడుతుంది, మంచి గైడ్ దొరకాలి. ఫంగస్ మందులే చేసే కంపెనీలు తక్కువ. అయితే ప్రొటీన్ పనిలో చేయి తిరిగితే ఏ జబ్బుకైనా పనికొస్తుంది. పైథాన్ కూడా నేర్చుకోమనండి.

ముందు సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టించండి. రెండు నెలలు ల్యాబ్‌లో ఉండి, ప్రొటీన్ ముద్దకట్టి పాడైన మర్నాడు కూడా వెళ్తానంటే ఆ కోర్సు ఫీజు మీ దగ్గరే ఉంచుకోండి.