మా లిస్టింగులన్నీ బాట్‌తో లాగేశారు.. కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. పాత ట్రాక్టర్ల వెబ్‌సైట్ నడుపుతున్నాం. నాలుగేళ్లు ఊరూరా తిరిగి వివరాలు, ఫొటోలు సేకరించాం. మూడు నెలల కిందట ఓ పోటీ సంస్థ బాట్ (పేజీలను తనంతట తానే తెరిచి కాపీ చేసే ప్రోగ్రామ్) పెట్టి అన్నీ లాగేసి తన యాప్‌లో పెట్టుకుంది. అడిగితే ‘అందరికీ కనిపించేవేగా’ అంటున్నారు. వాళ్ల సర్వర్ పడగొడదామంటున్నాడు మా డెవలపర్. ఏం చేయాలి?

జవాబు: మీ నాలుగేళ్ల తిరుగుడు కేసును నిలబెట్టదు. మోడల్, ధర, నడిచిన గంటలు వాస్తవాలు; వాటిపై కాపీరైట్ ఎవరికీ ఉండదు. ఒట్టి శ్రమ చాలదని, కూర్పులో కొంత నైపుణ్యం, సృజన ఉండాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫొటోలు మీ ఉద్యోగులు డ్యూటీలో తీసినవైతే మీవే. అమ్మేవాళ్లు పంపినవైతే, హక్కు రాయించుకోనంత వరకూ వాళ్లవే.

మీకు అసలు ఆధారం ఐటీ చట్టం సెక్షన్ 43(బి): అనుమతి లేకుండా డేటా కాపీ చేస్తే పరిహారం కట్టాలి. అంటే తేలాల్సింది అనుమతి సంగతే. బాట్లు వాడరాదని సైటు షరతుల్లో, రోబోట్స్ టెక్స్ట్ ఫైల్లో (బాట్లు ఏ పేజీలు తెరవకూడదో చెప్పే ఫైలు) అప్పటికే రాసి ఉందా? లేకపోతే వాళ్ల మాటకే బలం.

సర్వర్ లాగ్‌ల (సైటును ఎవరు, ఎప్పుడు తెరిచారో నమోదయ్యే రికార్డుల) ఊసే ఎత్తలేదు మీరు! చాలా సర్వర్లలో మార్చకపోతే అవి 14 రోజులకే చెరిగిపోతాయి. 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్‌లోనే కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. హోస్టింగ్ వాళ్లను ఈరోజే బ్యాకప్ అడగండి. ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి లిస్టింగులు వరుస నంబర్లలో, సెకన్ల తేడాతో తెరుచుకున్నాయేమో చూడండి. ఆ లాగ్ ఫైలుకు హ్యాష్ విలువ (ఫైలు మారితే పట్టిచ్చే వేలిముద్ర లాంటి కోడ్) తీయించి, భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి: ఎ భాగంలో సర్వర్ చూసే వ్యక్తి, బి భాగంలో నిపుణుడు సంతకం పెడతారు. అది లేని ప్రింటవుట్ చెల్లదు. ఇంకో మంచి సాక్ష్యం మీ తప్పులే. మీరు మహీంద్రా 575ను 557 అని కొట్టి ఉంటే, వాళ్ల యాప్‌లోనూ 557 అనే ఉంటే రికార్డు చేయండి. నోటీసు ఇచ్చేదాకా దిద్దకండి.

సర్వర్ పడగొట్టే ఆలోచన ఇప్పుడే మానండి. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ముద్దాయిలు మీరూ, మీ డెవలపరూ.

పరిహారం 5 కోట్లు దాటకపోతే రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందు, అడ్జుడికేటింగ్ ఆఫీసర్ హోదాలో ఆయనే విచారిస్తారు కాబట్టి, దరఖాస్తు వేయండి. ఈ వ్యవహారంలో సివిల్ కోర్టుకు అధికారం లేదు. ఫొటోలు మీవైతే మాత్రం కాపీరైట్ కింద వాణిజ్య కోర్టులో ఇంజంక్షన్ (వాడకాన్ని ఆపే ఉత్తర్వు) అడగవచ్చు. నష్టపరిహారానికి మూడేళ్ల కాలపరిమితి ఉందని కూర్చోకండి. మూడు నెలలు ఆగినవాళ్లకు అత్యవసరమేమిటని జడ్జి అడుగుతారు. అత్యవసరం లేదంటే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సిందే. ఈలోగా అమ్మేవాళ్ల ఫోన్ నంబర్లను లాగిన్ చేస్తేనే కనిపించేలా మార్చండి.