గ్రీకు కథల ఆడవాళ్ళ గురించి రాయబోయే అమ్మాయికి

అమ్మడూ,

నువ్వు పంపిన జాబితా చూశాను. హెలెన్, పెనెలోపీ, మెడియా, మెడూసా, అరాక్నీ, అరియాడ్నీ, ఆల్సెస్టిస్, ఇంకా బోలెడుమంది. దేవతల జోలికి పోకుండా, మనుషులుగా పుట్టిన ఆడవాళ్ళ కథలే తెలుగులో రాస్తానన్నావు. బాగుంది. కానీ మనిషికో పేజీ అంటే మాత్రం ఓటర్ల జాబితా చదివినట్టుంటుంది. ఆ పని గ్రీకులే చేశారు కూడా. హెసియడ్ అనే పాత గ్రీకు కవి పేరు మీద 'స్త్రీల పట్టిక' అని ఒక కావ్యం ఉండేది. ఫలానా ఆవిడ ఫలానా దేవుడివల్ల ఫలానా వీరుణ్ణి కన్నదని వంశాలు చెప్పుకుంటూ పోతుంది. ఇప్పుడు దాని ముక్కలే మిగిలాయి. నువ్వు నలుగురిని ఉంచుకో, మిగతావాళ్ళను తర్వాత చూద్దాం.

ఎవరిని తీసుకున్నా, ముందు ఆ కథ ఎవరు చెప్పారో చూసుకో. మనకిది కొత్త కాదు. అహల్య రాయైపోయిందని అందరం అంటాం. వాల్మీకిలో ఆమె రాయి కాదు, గాలే ఆహారంగా, బూడిదలో, ఎవరికీ కనబడకుండా ఉంటుంది. మెడూసా సంగతీ అంతే. హెసియడ్ చెప్పినదాంట్లో గోర్గన్‌లనే ముగ్గురు రాక్షస అక్కచెల్లెళ్ళలో చావున్నది ఆమె ఒక్కదానికే. సముద్రదేవుడు పొసైడన్ ఆమెతో పూలున్న పచ్చికలో కలిశాడంటాడు, శాపం ఊసే లేదు. గుడిలో అత్యాచారం, దేవత కోపం, జుట్టు పాములైపోవడం మనకు ఓవిడ్ దగ్గర దొరుకుతాయి. ఆయన రోమన్, రాసింది లాటిన్‌లో, హెసియడ్‌కి సుమారు 700 ఏళ్ళ తర్వాత. సాలీడైపోయిన నేతగత్తె అరాక్నీ కథ కూడా మనకు పూర్తిగా తెలిసింది ఆయనవల్లే. అది రాయొద్దనను. 'ఓవిడ్ చెప్పిన ప్రకారం' అన్న మాట మాత్రం వదిలెయ్యకు.

రెండు కథనాలుంటే కలిపి వండకు. హోమర్ కావ్యం ఒడిస్సీలో, క్రీట్ రాకుమారి అరియాడ్నీ ఏథెన్స్ చేరకుండానే ఆర్టెమిస్ దేవత చేతిలో చచ్చిపోతుంది. హెసియడ్‌లో ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ ఆమెను పెళ్ళాడతాడు, దేవతల రాజు జ్యూస్ ఆమెకు చావు లేకుండా చేస్తాడు. ఒకటి ఎంచుకుని కథ నడుపు, రెండోదుందని ఒక్క వాక్యంలో చెప్పు. మొగుడు జేసన్ మీద పగతో మెడియా పిల్లల్ని తానే చంపుకుందన్నది క్రీ.పూ. 431లో ఏథెన్స్ నాటకకర్త యూరిపిడీస్ ఆడించిన నాటకంతో స్థిరపడింది. ఆమె ఉన్న కొరింత్ నగరం వాళ్ళే ఆ పిల్లల్ని రాళ్ళతో కొట్టి చంపారన్న కథనాన్ని పాసేనియస్ అనే యాత్రికుడు నమోదు చేశాడు. అన్నట్టు, మెడియా సూర్యుడి మనవరాలు. మానవ స్త్రీల్లో ఆమెను కలపాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో.

ఇక నిన్ను అసలు హెచ్చరించాల్సింది ఆల్సెస్టిస్ గురించి. నీ నోట్సులో 'గ్రీకు సావిత్రి' అని రాసుకున్నావు. అది కొట్టెయ్. సావిత్రి యముడి వెంట నడిచి, మాటలతో మొగుణ్ణి గెలుచుకుంది. ఆల్సెస్టిస్ చేసింది మొగుడి బదులు తాను చావడం. ఆమె మొగుడు అడ్మీటస్‌కి చావు తప్పాలంటే ఇంకొకరు చావాలి. ముసలి తల్లీ తండ్రీ ఒప్పుకోలేదు, ఆవిడ ఒప్పుకుంది. క్రీ.పూ. 438లో ఆడిన యూరిపిడీస్ నాటకం చదువు. చచ్చిపోయే ముందు ఆమె కోరింది ఒకటే, తన పిల్లలకు సవతి తల్లిని తేవద్దని. మొగుడు ఏడుస్తూ, నీ బొమ్మ చెక్కించి పక్క మీద పెట్టుకుంటానంటాడు. తర్వాత తండ్రీకొడుకులు శవం ముందే పోట్లాడుకుంటారు. నీకు బతుకు తీపైతే నాకు కాదా అంటాడు తండ్రి. ముసలాయన మాటలో తప్పేముందో నాకైతే కనబడదు! చివరికి మహాబలుడు హెరాక్లీస్ మృత్యువుతో కుస్తీ పట్టి ఆమెను వెనక్కి తెస్తాడు. తెచ్చాక ఆమె ఒక్క మాట మాట్లాడదు. మూడో రోజు వచ్చేదాకా ఆమె గొంతు వినకూడదని హెరాక్లీస్ అంటాడు, నాటకం అక్కడే అయిపోతుంది. సావిత్రి కథకు ప్రాణమే ఆమె మాట. ఇక్కడ ఆ మాటే లేదు. పోలిక తేవాలనుకుంటే ఈ తేడా చూపించడానికి తే, పాఠకులకు తేలికవుతుందని మాత్రం తేకు.

పెనెలోపీ గురించి అందరూ, పెళ్ళాడతామని ఇంట్లో తిష్ఠ వేసిన వరుల్ని ఆపడానికి పగలు నేసి రాత్రి విప్పిన బట్ట గురించే రాస్తారు. నువ్వు మంచం రాయి. మొగుడు ఒడిస్సియస్ యుద్ధానికి పోయి 20 ఏళ్ళకు తిరిగొస్తే ఆమె వెంటనే నమ్మలేదు. మంచం బయట వెయ్యమని దాసికి చెప్పింది. బతికున్న ఆలివ్ చెట్టు మొదలునే కోడుగా చేసి కట్టిన మంచం అది, కదలదు. ఆ సంగతి తెలిసినవాడు గనక ఒడిస్సియస్ మండిపడ్డాడు, దొరికిపోయాడు. తెలివిలో ఆమె అతనికి సరిజోడని హోమర్ ఒప్పుకున్న చోటు అది.

కానీ అక్కడ ఆపకు. దానికి ముందు సర్గలో, వరులందర్నీ చంపాక, వాళ్ళతో పడుకున్నారని 12 మంది దాసీలను పట్టుకుంటారు. ముందు శవాలు మోయించి, నెత్తురు కడిగించి, అప్పుడు పెనెలోపీ కొడుకు టెలీమకస్ వాళ్ళను వరసగా ఉరి తీస్తాడు. వలలో పడ్డ పిట్టల్లా, కాళ్ళు కాసేపు కొట్టుకున్నాయి, ఎంతోసేపు కాదు అంటాడు హోమర్. ఆ ఇంటి దాసీలకు వద్దనే హక్కు ఎంత ఉండేదో ఆ కావ్యంలో ఎవరూ అడగరు. వాళ్ళలో చాలామందికి పేరు కూడా లేదు. నీ జాబితాలో వీళ్ళు లేరు. ఒకరిని తీసేసైనా వీళ్ళకు చోటివ్వు.

ఈ మాటలన్నీ మగవాళ్ళు రాసినవే. ఏథెన్స్ నాటకాల్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే ముసుగులు పెట్టుకుని వేసేవారు. అందుకే, ట్రాయ్ యుద్ధానికి కారణమని అందరూ అనే హెలెన్ గురించి రాసేటప్పుడు, గ్రీకు కవయిత్రి సాఫో పద్యం తప్పకుండా చూడు. ఈజిప్టులో దొరికిన పాపిరస్ ముక్కల్లోంచి బయటపడింది. ప్రపంచంలో అందమైనది గుర్రపుదళమనీ, ఓడలనీ కొందరంటారు, నేను మాత్రం ఎవరికి ఏది ఇష్టమో అదే అంటాను అంటుంది. సాక్ష్యం హెలెన్: మొగుణ్ణీ బిడ్డనీ వదిలి ఓడెక్కిపోయింది. తిట్టూ లేదు, జాలీ లేదు.

మొదలుపెట్టడం ఆల్సెస్టిస్‌తో పెట్టు. నాటకం చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. ఇంగ్లీషు అనువాదాలు రెండు పక్కపక్కన పెట్టుకుని చదువు, తేడా వచ్చినచోట గుర్తు పెట్టుకో. రాసింది పైకి చదివి చూసుకున్నాకే పంపు. వాట్సాప్‌లో వద్దు, ప్రింట్ తీసి పోస్టులో వెయ్యి. ఫోన్లో ఆ అక్షరాలు నాకు ఆనడం లేదు.

మీ పెద్దమ్మ