గండమ్ ఆర్‌ఎక్స్-78-2 రోబోట్ స్పిరిట్స్ ఫిగర్ కొనచ్చా? మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి?

జపాన్ యానిమేషన్ 'మొబైల్ సూట్ గండమ్' మొదటి టీవీ సిరీస్ చూశాక ఆ తెల్ల రోబో బొమ్మ కొనాలనిపించిందని, జపాన్ బొమ్మల కంపెనీ బందాయ్ రోబోట్ స్పిరిట్స్ పేరుతో, బిగించే పని లేకుండా తయారుగా అమ్మే కీళ్ల బొమ్మల్లో యానిమే వెర్షన్ (టీవీలో కనిపించినట్టే చేసినది) ఆ ధరకు తగినదా, లేక కిట్ కొని మనమే బిగించుకోవడం మేలా అని ఒకరు అడిగారు. నా దగ్గర రెండూ ఉన్నాయి. చేతిలోకి తీసుకుని పోజులు మార్చుకుంటూ ఉండాలనుకుంటే యానిమే వెర్షనే కొనండి. బిగించడంలో ఉన్న ఆనందం కావాలంటే కిట్ కొనండి.

కొనేవాళ్లు ఎక్కువగా ఎత్తెంత, ఎన్ని ఆయుధాలు ఇచ్చారు అనే చూస్తారు. నేను చూసేది ఒక్కటే. సిరీస్‌లో ఆ రోబో నిలబడ్డట్టు ఈ బొమ్మ నిలబడుతుందా, నిలబడి అలాగే ఉంటుందా?

ఇది అనుకున్నంత తేలిక కాదు. ఆ సిరీస్ 1979 ఏప్రిల్ నుంచి 1980 జనవరి వరకు జపాన్‌లో 43 భాగాలుగా వచ్చింది. దర్శకుడు తొమినో యొషియుకి, రోబోల రూపకర్త ఒకావారా కునియో. అంతా చేత్తో గీసిన బొమ్మలే కాబట్టి సన్నివేశాన్ని బట్టి చెయ్యి కాస్త పొడుగవుతుంది, నడుము వంగుతుంది, భుజం పలక పక్కకి తప్పుకుంటుంది. కాగితం మీద అన్నీ సాధ్యమే. ప్లాస్టిక్‌లో అదే రూపం తెస్తే ఒక పలక ఇంకో పలకకి అడ్డు తగులుతుంది. అప్పట్లో స్పాన్సర్‌గా ఉన్న క్లోవర్ కంపెనీ బొమ్మలకి తెర మీది రోబోతో పెద్దగా పోలిక లేదు. అవి సరిగా అమ్ముడుపోకపోవడం కూడా, 52 భాగాలు అనుకున్న సిరీస్ 43కి కుదించడానికి ఒక కారణం. 1980 జులైలో బందాయ్ కిట్లు వచ్చాకే అమ్మకాల పరిస్థితి మారింది.

యానిమే వెర్షన్ 2016లో మొదలైంది. కొత్త గండమ్ కిట్లలో ఒళ్లంతా సన్నటి గీతలు, అతుకులు కనిపిస్తాయి, నిజం యంత్రంలా ఉండాలని. ఇందులో అవి లేవు. నున్నటి తెల్ల ఉపరితలం, గుండ్రటి తొడలు, కాస్త పెద్ద తల, టీవీలో చూసిన గండమ్ అదే. కథలో 18 మీటర్ల రోబో ఇక్కడ సుమారు 12.5 సెంటీమీటర్లు, అంటే 1/144 లెక్క. మొదటిసారి చూసినవాళ్లకి చిన్నదిగా అనిపిస్తుంది. నాకు ఆ సైజే నచ్చింది, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో కీళ్లు సర్దవచ్చు.

కదలిక పరీక్షించడానికి నేను మొదట పెట్టేది రెండు చేతులతో రైఫిల్ పట్టుకునే పోజు. గండమ్ వాడే కిరణాల తుపాకీ, అంటే బీమ్ రైఫిల్‌కి ముందువైపు ఒక పిడి ఉంటుంది. ఎడమ చెయ్యి దాన్ని అందుకోవాలంటే భుజం ఛాతీ ముందుకి రావాలి. మోచెయ్యి ఎంత మడిచినా, భుజం రాకపోతే చెయ్యి అక్కడిదాకా చేరదు. ఈ ఫిగర్‌లో భుజం ముందుకు జరుగుతుంది, పోజు కుదురుతుంది. రెండోది చివరి భాగంలోని దృశ్యం. తలా ఎడమ చెయ్యీ పోయిన గండమ్ కుడి చేత్తో రైఫిల్ నిటారుగా పైకెత్తి కాలుస్తుంది. ఆ చెయ్యి అలా లేవాలంటే భుజం మీది చదరపు పలక అడ్డు తప్పుకోవాలి. దేన్ని కొనాలనుకున్నా ఈ రెండు పోజుల ఫొటోలు వెతకండి. కంపెనీ ఫొటోలు కాదు, కొన్నవాళ్లు తీసినవి.

అన్నిటికంటే ముఖ్యం చీలమండ. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కాళ్లు వెడల్పుగా చాపి నిలబెట్టినప్పుడు పాదం మొత్తం నేలకి ఆనాలి. పాదం పక్కకి వంగకపోతే అంచు మీద నిలబడుతుంది, రోబోకి ఉండాల్సిన బరువు పోతుంది. ఎన్ని టన్నుల యంత్రమైనా పాదం గాల్లో తేలితే తేలికపాటి బొమ్మలాగే కనిపిస్తుంది. ఈ గండమ్ పాదం చక్కగా వాలుతుంది. ఒక మోకాలి మీద కూర్చోబెట్టి భుజం మీద బజూకా పెట్టినా పడిపోదు. నా షెల్ఫ్‌లో ఎక్కువగా అలాగే ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. ఆయుధం మార్చినప్పుడల్లా అరచేతులు ఊడదీసి వేరేవి పెట్టాలి, వాటిని మణికట్టుకి పట్టి ఉంచే మేకు చాలా సన్నం. ఆ పని ఓపికగా చేయాలి. నుదుటి మీది వి ఆకారపు కొమ్ములు పల్చటివి, పిల్లల చేతికి ఇవ్వకండి. పెట్టె మీద కూడా 15 ఏళ్లు పైబడినవారికే అని ఉంటుంది. గాల్లో ఎగిరే పోజుకి స్టాండ్ విడిగా కొనుక్కోవాలి.

ఇక కిట్ సంగతి. 2010లో వచ్చిన బందాయ్ 'రియల్ గ్రేడ్' రకం గండమ్ కిట్ ఇదే సైజు, వివరాల్లో దీనికంటే ఎంతో ముందుంటుంది. బిగిస్తుంటే సమయం తెలియదు. కానీ తరచూ కదిలిస్తే కీళ్లు వదులవుతాయి, చిన్న పలకలు ఊడి వస్తాయి. అద్దాల అల్మరాలో పెట్టి చూసుకోవడానికి అది బాగుంటుంది.

మన ఎండల గురించి ఒక మాట. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కిటికీ పక్కన పెడితే తెల్ల ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరుగుతుంది, మెత్తటి భాగాలు వంగుతాయి. వంగినదాన్ని వేడినీళ్లలో కాసేపు ముంచి, సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే నిలుస్తుంది. ఆయుధాల కిరణాల్ని చూపించే పారదర్శక ముక్కల్ని బొమ్మ ఒంటికి ఆనించి నెలల తరబడి వదలకండి, మెత్తటి ప్లాస్టిక్‌లోని నూనె పదార్థం బయటికొచ్చి రెండూ అతుక్కుంటాయి. కీలు బిగుసుకుంటే బలం వాడొద్దు, హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడిచేసి తిప్పండి. యంత్రాల నూనె అసలు వద్దు, ప్లాస్టిక్ పగులుతుంది. వదులైతే కీలు విప్పి, లోపలి గుండ్రటి భాగం మీద రంగులేని అక్రిలిక్ వార్నిష్ పల్చగా పూసి, రాత్రంతా ఆరనిచ్చి మళ్లీ పెట్టండి. నాకు వచ్చిన ఫిగర్‌లో ఒక తుంటి కీలు వదులుగా ఉండేది, అమ్మినవాళ్లు జవాబే ఇవ్వలేదు. ఈ పద్ధతితోనే బాగుచేసుకున్నాను, ఇప్పటికీ గట్టిగా ఉంది.

జపాన్ నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం ముందే లెక్కేసుకోండి. బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది, ఆర్డర్ చేసే రోజు రేటు చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే రెండు ఫొటోలు అడగండి: అరచేతులు, ఆయుధాలు అన్నీ పరిచి తీసినది ఒకటి, స్టాండ్ లేకుండా ఒక మోకాలి మీద కూర్చోబెట్టి తీసినది ఇంకొకటి. రెండోది పంపడానికి వెనకాడితే తుంటి, చీలమండ కీళ్లు వదులై ఉండొచ్చు, అడిగి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.